అర పెన్నీ నవ్వు

ఎవరైనా ఊరికి ప్రయాణమైతే "చేరగానే ఒక కార్డు ముక్క రాసి పడెయ్యి" అని సాగనంపడం మన పెద్దవాళ్ళ అలవాటు. ఇండియాలో ఆ కార్డు ముక్క 1879లో పావు అణాకి మొదలయింది. దానికి అన్నలాంటిది ఇంగ్లండులో 1870 అక్టోబరు 1న వచ్చింది. ఉత్తరానికి పెన్నీ అయితే కార్డుకి అర పెన్నీయే. ఆ అర పెన్నీతో ఇక్కడి స్నేహితులు ఒకరినొకరు ఎలా నవ్వించుకున్నారో, ఆ నవ్వు ఎవరెవరి మీద పడిందో పాఠకులతో కాస్త ముచ్చటించాలని మా కోరిక.

మొదట్లో కార్డు మీద బొమ్మ ఉండేది కాదు. ప్రైవేటు కంపెనీలు అచ్చువేసిన కార్డులను తపాలావారు 1894లో అనుమతించారు. అప్పటికీ ఒక వైపంతా చిరునామాకే పోయేది. కబురేదో బొమ్మ పక్కన ఇరికించి రాయాలి. 1902లో ఆ వైపును రెండు భాగాలు చేసి, ఎడమ పక్క కబురుకీ కుడి పక్క చిరునామాకీ కేటాయించారు. రెండో వైపంతా బొమ్మకే మిగలడంతో హాస్యచిత్రకారులకు పండగే అయింది. పెద్ద పట్టణాల్లో రోజుకి ఎన్నోసార్లు బట్వాడా జరిగేది గనుక పొద్దున వేసిన కార్డు సాయంత్రానికల్లా ఆ ఊళ్ళోనే ఉన్న స్నేహితుడికి అందేది.

కార్డుకి కవరుండదు. పోస్టుమాన్ మొదలు పనిమనిషి దాకా ఎవరైనా చదవచ్చు. అందుకని కొందరు అద్దంలో చూస్తేగాని తెలియని తిరగరాతలో రాసేవారు. కొందరు స్టాంపును వాలుగా అంటించి, ఆ వాలుతోనే మనసులో మాట చెప్పేవారు. హాస్యపు కార్డుది ఇంకా సులువైన దారి. సముద్రపు ఒడ్డున కుర్చీలో ఇరుక్కుపోయిన బొద్దాయన బొమ్మ కొని, "ఇది నువ్వే సుమా" అని రాస్తే చాలు. అచ్చులో ఉన్న హాస్యం ఊరందరిదీ. చేతిరాతతో ఆ రెండు మాటలూ చేరిస్తే అది ఇద్దరు స్నేహితుల సొంతం. అందుకే చాలామంది వాటిని పారెయ్యకుండా ఆల్బముల్లో దాచుకున్నారు.

వైద్యులమైన మాకు నచ్చిన సంగతి ఒకటుంది. డొనాల్డ్ మెక్‌గిల్ ఓడల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. 1904లో, జబ్బుపడిన తన చుట్టాల కుర్రవాడి కోసం ఆయన ఒక బొమ్మ కార్డు గీశాడు. అది చూసిన బంధువు ఒకరు ప్రోత్సహించగా, ఏడాది తిరక్కుండానే అదే ఆయనకు జీవనాధారమయింది. అలా వేలకొద్దీ కార్డులు గీశాడు. 1941లో జార్జ్ ఆర్వెల్ ఆయన కళ మీద ఒక వ్యాసం రాశాడు. 1954లో లింకన్ పట్టణంలోని కోర్టు ఆయన కార్డులు అసభ్యమని 50 పౌన్ల జరిమానా, 25 పౌన్ల ఖర్చులు విధించింది. అప్పటికి ఆయన వయసు 79.

అసభ్యత కోర్టు కెక్కింది. అంతకన్నా పెద్ద తప్పు ఎక్కలేదు. ఆ రోజుల కార్డుల్లో అత్తగార్లు, తాగుబోతులే కాదు, నల్లవారూ, యూదులూ, ఐరిష్‌వారూ నవ్వులపాలయ్యారు. ఓటు కోసం పోరాడిన స్త్రీలనూ వదల్లేదు. జైళ్ళలో నిరాహారదీక్ష పట్టిన ఆ స్త్రీలకు 1909 నుంచి గొట్టాలతో బలవంతాన ఆహారం ఎక్కించారు. ఆ పని చేసినవారు మా వృత్తివారే. ఆ బాధను కూడా బొమ్మగా వేసి అమ్మారు. కొన్నవారందరూ చెడ్డవారని మేము అనలేము. వారిలో చాలామంది కార్డు వెనుక స్నేహితుల ఆరోగ్యం అడుగుతూ, ఆప్యాయంగా నాలుగు మాటలు రాసే ఉంటారు. ముందు వైపున్న మనిషి మాత్రం వారికి స్నేహితుడు కాడు, అంతే తేడా.

1918లో కార్డు ధర పెన్నీ అయింది. ఆ వైభవం తగ్గింది. పరాయి దేశంలో బతుకుతున్న మనకు ఆ కార్డు రెండు వైపులూ తెలిసినవే. ఆప్తులు మన పేరు పెట్టి చేసే వేళాకోళమూ తెలుసు, ముక్కూ మొహం తెలియనివారు మన యాసను చూసి నవ్వే నవ్వూ తెలుసు. ఇక్కడి పాత సామాన్ల దుకాణాల్లో అలాంటి కార్డు కనబడితే మీరూ ఒకసారి చేతిలోకి తీసుకోండి. బొమ్మ చూసి ఊరుకోకుండా తిప్పి వెనుక వైపు కూడా చదవండి. పిల్లలకు రెండు వైపులూ చూపించండి.