బదరీ చెట్టు కింద రొట్టె: బైబిలులో విశ్రాంతి బాధ్యత ఎవరిది?

ఆత్మీయ జీవితం చల్లారిందనిపిస్తే తెలుగు క్రైస్తవ సంఘాలకు వెంటనే గుర్తొచ్చేవి ఉపవాస ప్రార్థనలు, ఉజ్జీవ కూటాలు, రాత్రంతా సాగే ప్రార్థనలు. వాటి విలువను ఈ వ్యాసం కాదనదు. అయితే అలసిన విశ్వాసికి మరింత ప్రయాసే మందు అన్న భావన వాటి వెనుక ఉంటే, దానికి లేఖనాల మద్దతు తక్కువ. బైబిలు చూపే విశ్రాంతి చాలావరకు ఒకరు మరొకరికి కల్పించేది. నూతన బలం అక్కడే మొదలవుతుంది.

ఇందుకు గట్టి ఆధారం మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు మీద బయలు ప్రవక్తలను ఓడించిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని బెయేర్షెబాకు పారిపోతాడు. సేవకుణ్ణి అక్కడే వదిలి, ఒంటరిగా అరణ్యంలోకి ఒక రోజు నడిచి, బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకుంటాడు. ఆ మొరకు మాటల్లో జవాబు రాదు. అలాగే నిద్రపోతాడు. దూత తట్టి లేపేసరికి తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల పాత్ర ఉంటాయి. తిని, తాగి, మళ్లీ పడుకుంటాడు. రెండోసారీ దూత లేపి తినమంటాడు. ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినదని మాత్రం చెబుతాడు. ఏలీయాది అవిశ్వాసం, తర్వాత అతను చేరిన హోరేబులో దేవుడు ప్రశ్నించి మందలించాడు, కనుక ఈ నిద్ర మనకు ఆదర్శం కాదని వాదించవచ్చు. హోరేబులో అడిగిన ప్రశ్నలో మందలింపు ఉందనే ఒప్పుకుందాం. అది వచ్చింది 40 పగళ్లు, 40 రాత్రుల నడక తర్వాత. రొట్టె అంతకు ముందే వచ్చింది. పైగా సేవకుణ్ణి వదిలి వచ్చిన ఆ మనిషికి అధ్యాయం ముగిసేసరికి పరిచర్య చేయడానికి ఎలీషా దొరికాడు.

ఒకరు మరొకరికి విశ్రాంతి కల్పించడాన్ని ధర్మశాస్త్రం ఆజ్ఞగానే ఇచ్చింది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం విశ్రాంతి దినాన్ని ఐగుప్తు దాస్యానికి ముడిపెడుతుంది. యజమాని ఒక్కడు పని మానితే చాలదు, దాసుడూ దాసీ కూడా అతనిలాగే విశ్రమించాలి. ఎద్దు, గాడిద, పరదేశి కూడా ఆ లెక్కలో ఉన్నారు. మరి ఆదివారం ప్రేమ విందు కోసం తెల్లవారకముందే పొయ్యి వెలిగించే స్త్రీలకు విశ్రాంతి ఎప్పుడు? సంఘ పెద్దలు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం విశ్వాసంతో ప్రవేశించే దేవుని విశ్రాంతి గురించి మాట్లాడుతుంది కదా, ఈ లెక్కలు ఇంకా ఎందుకని అడగవచ్చు. ఆ పత్రికే 3వ అధ్యాయంలో ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమంటుంది. ఆ విశ్రాంతిలోకైనా విశ్వాసి ఒంటరిగా నడవడు.

మార్కు 6వ అధ్యాయం నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. పరిచర్య ముగించుకొచ్చిన శిష్యులను యేసు ఏకాంత స్థలానికి రమ్మంటాడు. జనం కాలినడకన ముందే అక్కడికి చేరతారు, ఆయన కనికరపడి బోధిస్తాడు. అంటే అవసరం ఎదురైతే సేవే ముందు అనాలా? ఆ రోజుకు అంతే, నిజమే. రాత్రి కూడా శిష్యులు ఎదురుగాలిలో తెడ్లు వేయలేక అవస్థపడ్డారు. కానీ వారికి తినడానికైనా తీరిక లేదని చూసి ఏకాంతానికి పిలిచింది యేసే. ఆ సాయంత్రం వారిని పడవ ఎక్కించి, జనాన్ని పంపివేసే పని తన మీద వేసుకుంది కూడా ఆయనే. విశ్రాంతి కావాలని శిష్యులు అడిగినట్టు మార్కు ఎక్కడా రాయలేదు.