గిర్మిట్ నుంచి అకామా దాకా

మా కళాశాల విద్యార్థి ఒకడు, ఉదయగిరి మెట్టపల్లె వాడు, కువైట్‌లో ఇంటిపని చేసే తన తల్లి అకామా నకలు తెచ్చి చదివిపెట్టమన్నాడు. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు ఆ అరబ్బీలో ఒక్క అక్షరం తెలియలేదు. ఆ తల్లికి మాత్రం తెలుసునా?

ఉదయగిరి, ఆత్మకూరు వైపు అకామా అంటే నివాసానుమతి అని అందరికీ తెలుసు. అది యజమానితో ముడిపడినదన్న సంగతి అక్కడికి పోయాకనే తెలుస్తుంది. 1860లో మద్రాసు రేవు నుంచి నేటాల్ చెరకుతోటలకు ఓడెక్కిన గిర్మిట్ కూలీ, చీటీ లేకుండా తోట దాటితే నేరస్థుడు. 1917లో ప్రభుత్వం గిర్మిట్ వలసను నిలిపివేసింది. నేరం మాత్రం నిలిచిపోలేదు: జీతమివ్వని ఇల్లు విడిచిన మనిషిపై యజమాని ‘పరారీ’ అని ఫిర్యాదిస్తే చాలు. పనివారి సమ్మతి లేనిదే పాస్‌పోర్టు అట్టిపెట్టుకోరాదని కువైట్ 2015లో చట్టం చేసింది, నిజమే.

అమ్మ ఎప్పుడొస్తుందని అడిగాను.

‘పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల దగ్గరుంది సార్, వాళ్లిస్తే’ అన్నాడు.