వజ్జరం ఉండే చోట రంగు పట్టదు

హోసూరులో మా తాత కట్టిన ఇంట్లో మిద్దెపై గదికి టేకు పలకల నేల. పోయిన ఎండాకాలం దానికి రంగు పట్టించాలని నేనే దిగినాను. పని చెడింది, ఒక మాట దొరికింది.

తాత వడ్రంగి. ఆయన చేతిలోది చిత్రిక, బజారులో ఇప్పుడు అందరికీ ఇళైప్పుళి. గరుకు కాగితాన్ని ఇంట్లో ఉప్పుకాగితం అంటాం, తమిళంలో ఉప్పుత్తాళ్. దాంట్లో ఉప్పేమీ ఉండదు. హిందీ రేగ్‌మాల్‌లో మాత్రం ఇసుక ఉంది: పారశీకంలో రేగ్ అంటే ఇసుకే.

పాత మైనం గీకినాను. మేకుల తలలు లోపలికి దింపినాను. 40, 60, 80, 100 నంబర్ల కాగితాలతో, రేక పోయిన దారినే వరసగా రుద్దినాను. నడుమ ఒక నంబరు దాటేస్తే ముతక గీతలు రంగులో తేలతాయి. మరీ నున్నగా రుద్దితే రంగు లోపలికి దిగదు. సందుల్లో రంపపు పొట్టు, జిగురు కలిపి పెట్టినాను. రంగు వేసినాక చూస్తే ప్రతి సందు పక్కనా తెల్లటి చారలు!

మా మేనత్త చూసి, "వజ్జరం గీకలేదేమిరా? వజ్జరం ఉండే చోట రంగు పట్టదని నాయన చెప్తా ఉండె" అనింది.

వజ్జరం అంటే వడ్రంగి జిగురు, తోలు ఉడికించి తీసేది. తమిళంలోనూ వజ్జిరమే. ఆంధ్రా చుట్టాలు మా మాటలు విని "అరవ తెలుగు" అని నవ్వుతారు. ఇదీ అరవమే అనుకున్నాను. కాదు, మూలం సంస్కృత వజ్రం. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపం గురించి ఒక అధ్యాయమే రాసినాడు. వెలగకాయలు, బూరుగుపూలు వంటివి కాచి గుళ్లకు, విగ్రహాలకు పూసే లేపం అది. వజ్రమంత గట్టిది గనుక ఆ పేరు.

1956లో భాషల లెక్కన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. తాత మాటలు బడి పుస్తకాల్లోకి ఎక్కలేదు, పనిముట్లతోనే ఉండిపోయినాయి. పనిముట్లు పోతే మాటా పోతుంది. ఈ మాట తెలిసుంటే నా నేల చెడేది కాదు.

అత్త చెప్పినట్టు మళ్లీ గీకి, తడిగుడ్డతో తుడిచినాను. జిగురు మిగిలిన చోటు వెలిసినట్టు తేలింది. అక్కడ మళ్లీ రుద్ది, బాగా ఆరనిచ్చి రంగు వేస్తే ఈసారి సమంగా పట్టింది.

అత్తకు 80 దాటినాయి. ఆమె దగ్గర ఇంకెన్ని మాటలున్నాయో రోజూ కూర్చొని రాసుకుంటున్నా. షోలాపూరులో, బళ్లారిలో, యానాంలో మీ ఇంటి పెద్దలు ఈ జిగురును ఏమంటారో అడిగి రాయండి. ఇప్పుడే అడగండి.