పెట్టెలోని డిస్కు నుండి నెలవారీ చందాకు: ఫోటోషాప్ ఇన్‌స్టలేషన్ చరిత్ర

1. పరిచయం

సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయడమంటే దానిని కంప్యూటర్‌లో స్థాపించడమని మనకు తెలుసు. అయితే స్థాపించినంత మాత్రాన దానిని ఎల్లకాలం వాడుకునే హక్కు లభిస్తుందా? ఈ ప్రశ్నకు 1990లో ఉన్న సమాధానం 2013 నాటికి మారిపోయింది. ఫోటోలను సరిదిద్దే ఫోటోషాప్ చరిత్ర ఆధారంగా ఈ మార్పును పరిశీలిద్దాం.

2. తొలి దశ: డిస్కు

1987లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ నాల్, నలుపు తెలుపులను మాత్రమే చూపగల మెకింతోష్ తెరపై బూడిదరంగు ఛాయలు కనిపించేలా ఒక ప్రోగ్రామ్ రాశాడు. సినిమాల విజువల్ ఎఫెక్ట్స్ సంస్థలో పనిచేస్తున్న అతని సోదరుడు జాన్ నాల్ దానిని విస్తరించడంలో తోడ్పడ్డాడు. అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో దానిని ఫోటోషాప్ పేరుతో విడుదల చేసింది. కొన్నవారికి డిస్కు చేతికి వచ్చేది. చట్టరీత్యా అది వినియోగ అనుమతి మాత్రమే అయినా, దానికి గడువు ఉండేది కాదు.

3. రెండవ దశ: యాక్టివేషన్

ఒకే సీరియల్ నంబరుతో అనేక కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేసుకోవడం సంస్థలకు సమస్యగా మారింది. అందువల్ల 2003లో ఫోటోషాప్ సీఎస్ విండోస్ ప్రతికి యాక్టివేషన్ ప్రవేశపెట్టారు. అంటే ఇన్‌స్టాల్ చేశాక సంస్థ సర్వర్ ఆమోదం కూడా అవసరమైంది. 2005 నాటి సీఎస్2 యాక్టివేషన్ సర్వర్లను తరువాత మూసివేసినప్పుడు, పాత కొనుగోలుదారుల కోసం అడోబీ వేరే ప్రతిని, సీరియల్ నంబర్లను ఇవ్వవలసి వచ్చింది.

4. మూడవ దశ: చందా

2013 మేలో అడోబీ ఒక కీలక ప్రకటన చేసింది. ఇకపై కొత్త వెర్షన్లు క్రియేటివ్ క్లౌడ్ చందాదారులకే లభిస్తాయి. శాశ్వత అనుమతితో వచ్చిన చివరి ఫోటోషాప్ 2012 నాటి సీఎస్6. నేడు వినియోగదారుడు ఖాతా తెరిచి, చందా కట్టి, క్రియేటివ్ క్లౌడ్ యాప్ ద్వారా ఫోటోషాప్‌ను డౌన్‌లోడ్ చేసుకుంటాడు.

గమనిక: 'క్లౌడ్' అనే పేరు వల్ల ఇది ఇంటర్నెట్‌లోనే నడుస్తుందని పొరబడరాదు. డెస్క్‌టాప్ ఫోటోషాప్ మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. చందాను నిర్ధారించుకోవడానికి అప్పుడప్పుడు ఇంటర్నెట్‌కు కలిపితే చాలు.

సిద్ధమైన సదుపాయాలను వెంటనే అందించడం, సంస్థకు స్థిరమైన ఆదాయం రావడం ఈ పద్ధతిలోని అనుకూలతలు. ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించలేనివారికీ ఇది ఉపయోగమే. కానీ చందా ఆపితే, సొంతంగా తయారుచేసిన ఫైళ్లనే ఆ సాఫ్ట్‌వేర్‌లో సవరించుకోలేమని వినియోగదారులు నిరసించారు.

5. వెనిజులా ఉదంతం

2019 అక్టోబరులో, అమెరికా ఆంక్షల కారణంగా వెనిజులాలోని ఖాతాలను నిలిపివేస్తామని అడోబీ ప్రకటించింది. నెలాఖరుకు అమెరికా ప్రభుత్వ అనుమతి లభించడంతో సేవలు కొనసాగాయి. అయినా చందా సక్రమంగా కట్టినవారి పని సైతం దూరాన జరిగే నిర్ణయంపై ఆధారపడి ఉందని ఈ ఉదంతం నిరూపించింది.

6. సారాంశం

ఇన్‌స్టలేషన్ ఒకప్పుడు కొనుగోలులో చివరి మెట్టు. నేడు అది ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవలసిన అనుమతికి తొలి మెట్టు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. యాక్టివేషన్ ఎందుకు అవసరమైంది?
2. శాశ్వత అనుమతికి, చందాకు గల తేడాలను వివరించండి.
3. మీ ఊరిలోని ఒక ఫోటో స్టూడియోను సందర్శించి, చందా ఆగితే వారి పాత ఆల్బమ్ ఫైళ్ల పరిస్థితి ఏమిటో తెలుసుకొని రాయండి.