గంజాయి వనంలో తులసి ఎవరు?

మా నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు. పెద్దకర్మ అయిన నెల్లాళ్ళకి అమ్మ ముందుగదిలో మంచం తీయించి, చాప పరిచి, దాని మీద చీరలు పేర్చింది. నెలవారీ వాయిదాల మీద అమ్మడం. వీధిలో ఆడవాళ్ళు, స్కూలు టీచర్లు, బ్యాంకులో పనిచేసే ఇద్దరు ముగ్గురు అమ్మ ఖాతాదారులు. ఎవరి సొమ్మూ దొంగిలించలేదు. అయినా "భర్త పోయి రెండు నెలలు కాలేదు, అప్పుడే రంగుచీరలు చేత్తో పట్టుకుని కూర్చుంది" అన్న బంధువులున్నారు.

అందుకే కాబోలు, 'వీడ్స్' అనే అమెరికన్ టీవీ సీరియల్ మొదటిసారి చూసినప్పుడు నాన్సీ బాట్విన్ మీద నాకు కోపం రాలేదు. జెంజీ కోహన్ సృష్టించిన ఈ డార్క్ కామెడీ షోటైమ్ చానల్లో 2005 ఆగస్టు నుంచి 2012 సెప్టెంబరు దాకా, ఎనిమిది సీజన్లు, 102 ఎపిసోడ్లు నడిచింది. నాన్సీ పాత్ర మేరీ లూయిస్ పార్కర్ చేసింది. కాలిఫోర్నియాలో అగ్రెస్టిక్ అనే కల్పిత శివారు పట్టణం. చిన్నకొడుకుతో కలిసి పరిగెడుతూ భర్త గుండె ఆగి చనిపోతాడు. ఇద్దరు కొడుకులు, పెద్ద ఇల్లు, ఆ ఇంటికి తగ్గ ఖర్చులు మిగులుతాయి. చేతిలో ఉద్యోగం లేదు. నాన్సీ ఇరుగుపొరుగు మొగవాళ్ళకి గంజాయి అమ్మడం మొదలుపెడుతుంది. మొదటి ఎపిసోడ్‌లోనే ఆమె పిల్లల స్కూల్లో తల్లుల సమావేశంలో నిలబడి, చక్కెర నిండిన కూల్‌డ్రింకులు మాన్పించాలని వాదిస్తుంటుంది. ఆ వ్యంగ్యానికి నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే ఒక ఆడమనిషి నెలాఖరు లెక్కలు కనపడతాయి.

ఇంగ్లీషులో 'వీడ్స్' అన్న మాటకి మూడర్థాలున్నాయి. కలుపుమొక్కలు ఒకటి, గంజాయి రెండోది. మూడోది పాతకాలపు అర్థం: భర్త పోయిన స్త్రీ వేసుకునే శోకవస్త్రాలు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ మూడో అర్థం దగ్గరే చాలాకాలం ఆగిపోయాను. ఇది వైధవ్యం కథ అనుకున్నాను. భర్త జీతం మీద నిలబడ్డ ఇల్లు, భర్త పోగానే ఏమవుతుందో చెప్పే కథ అనుకున్నాను.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మకి ఈ కథ చెప్పాను. గంజాయి అనగానే "ఛీ, అదేం ఖర్మే" అంది. కాసేపాగి, వ్యాపారం చేసిన మనిషి కదా, అసలు ప్రశ్న వేసింది: "మరి సరుకు ఎవరిచ్చారే దానికి?"

సరుకు ఇచ్చింది హీలియా జేమ్స్ అనే నల్లజాతి స్త్రీ. ఆమె వంటింటి బల్ల దగ్గరే తూకాలు, పొట్లాలు, బేరాలు. అమ్మకి ఆ సంగతి చెప్పాను గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ రాసిందే.

ముందు నాన్సీ ఉన్న ఇంటి సంగతి చూద్దాం. సీరియల్ మొదట వచ్చే పాట 'లిటిల్ బాక్సెస్'. మాల్వినా రేనాల్డ్స్ 1962లో రాసింది. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన డేలీ సిటీ మీదుగా భర్తతో కారులో వెళ్తూ, కొండ మీద వరసగా ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు చూసి కట్టిన పాట. ఆమె బర్కిలీలో ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషి. 1930ల మాంద్యం రోజుల్లో, యూదు కుటుంబంలో పుట్టిన సోషలిస్టు స్త్రీకి కాలేజీలో ఉద్యోగం దొరకలేదు. నడివయసులో పాటలు రాయడం మొదలుపెట్టింది.

ఆ పెట్టెల్లాంటి ఇళ్ళకి ఒక చరిత్ర ఉంది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్ యుద్ధానంతర శివారుకి నమూనా. 17 వేలకు పైగా ఇళ్ళు కట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వ హామీతో అప్పులిచ్చారు. అయితే తొలి ఒప్పందాల్లోనే తెల్లవాళ్ళు తప్ప ఇతరులు ఆ ఇళ్ళలో ఉండకూడదని రాశారు. జాతి ఆధారంగా రాసుకున్న ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలుచేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షని నిషేధించే చట్టం రావడానికి మరో ఇరవయ్యేళ్ళు, 1968 దాకా పట్టింది. అప్పటికే ఎవరికి ఇల్లు, ఎవరికి వాడ అన్నది తేలిపోయింది. ఆ శివారు ఇంట్లో తెల్ల గృహిణికి ఊపిరాడని స్థితి గురించి బెటీ ఫ్రీడన్ 1963లో పుస్తకం రాసింది. అది మనందరికీ పాఠమైంది. కానీ ఆ ఇంటి గేటు దాటి లోపలికి అడుగే పెట్టనివ్వని స్త్రీల సంగతి ఆ పుస్తకంలో దాదాపు లేదనే విమర్శ తర్వాత బెల్ హుక్స్ లాంటివాళ్ళు చేయాల్సి వచ్చింది. నాన్సీ బాట్విన్ ఇల్లు ఆ ఇళ్ళ మనవరాలు.

ఇక గంజాయికీ తల్లులకీ ఉన్న సంబంధం. ఇది సీరియల్ కల్పన కాదు. అమెరికా గంజాయి రాజకీయాల్లో 'తల్లి' అన్న మాట నలభయ్యేళ్ళుగా ఆయుధం.

1970 చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు అత్యంత ప్రమాదకరమైన మొదటి జాబితాలో చేర్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు గాలి అటు మళ్ళింది. 1973లో ఒరెగాన్‌తో మొదలుపెట్టి, 1978 నాటికి 11 రాష్ట్రాలు కొద్దిపాటి గంజాయి దగ్గరుంచుకుంటే జైలు లేకుండా చేశాయి. 1977లో అధ్యక్షుడు కార్టర్ ఒక ఔన్సు దాకా కేంద్ర నేరశిక్షలు తీసేయమని కాంగ్రెస్‌ని అడిగాడు. ఆ గాలిని తిప్పినవాళ్ళలో ముందున్నది తల్లులు. 1976లో అట్లాంటా శివార్లలో మార్షా కీత్ షుకార్డ్ అనే ఆమె, తన పదమూడేళ్ళ కూతురి పుట్టినరోజు పార్టీలో పిల్లలు గంజాయి పీలుస్తున్నారని గమనించింది. చుట్టుపక్కల తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టింది. 1979లో ఆమె రాసిన చిన్న పుస్తకాన్ని ప్రభుత్వమే అచ్చువేసి దేశమంతా పంచింది. తల్లిదండ్రుల సంఘాలు వందల్లో పుట్టాయి. 1980లో జాతీయ సమాఖ్య ఏర్పడింది.

ఆమె కూడా సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషే. అది తెలిసినప్పుడు కొంచెం ఉలిక్కిపడ్డాను. శివారు ఇళ్ళని వెక్కిరించిన స్త్రీదీ, శివారు పిల్లల కోసం ఉద్యమం నడిపిన స్త్రీదీ ఒకటే చదువు. నాదీ అదే.

ఆ తల్లుల భయాన్ని నేను తేలిక చేయలేను. 1978లో హైస్కూల్ చివరి ఏడు చదివే పిల్లల్లో పదిమందిలో ఒకరికి పైగా రోజూ గంజాయి పీల్చేవాళ్ళు. మన దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడినప్పుడు మనం వాళ్ళ పక్కన నిలబడ్డాం. ఇంటికొచ్చే మత్తుకి భయపడే హక్కు ఆడవాళ్ళకుంది. కానీ దూబగుంట స్త్రీలు తిరగబడింది సారా పాటల మీద, ఆ పాటలు నడిపించే ప్రభుత్వ ఆదాయం మీద. శివారు తల్లుల భయాన్ని ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. నాన్సీ రీగన్ 'వద్దని చెప్పు' అనే నినాదంతో స్కూళ్ళన్నీ తిరిగింది. భర్త 1986లో సంతకం పెట్టిన చట్టం కనీస నిర్బంధ శిక్షల్ని తెచ్చింది. నల్లవాడల్లో ఎక్కువగా పట్టుబడే క్రాక్ అయిదు గ్రాములకీ, పొడి కొకైన్ అయిదు వందల గ్రాములకీ ఒకటే శిక్ష. తమ పిల్లల్ని కాపాడమన్న తల్లుల కోరిక, ఇంకొకరి పిల్లల్ని జైల్లో వేసే చట్టానికి మాట సాయమయింది.

సీరియల్‌కి ఈ చరిత్ర తెలుసు. నాన్సీ స్నేహితురాలు, ప్రత్యర్థి సీలియా హోడ్స్ నగరమండలికి ఎన్నికై, ఊరంతా మత్తుమందులు నిషేధమన్న బోర్డులు పెట్టిస్తుంది, కెమెరాలు బిగిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌తో తన శరీరాన్ని కోల్పోయిన స్త్రీ, సొంత కూతురి లావు మీద యుద్ధం చేసే తల్లి కూడా ఆమే. ఎలిజబెత్ పెర్కిన్స్ ఆ పాత్రని ద్వేషించలేని విధంగా చేసింది.

అయితే గంజాయి చరిత్రలో ఇంకో తల్లి ఉంది, సీరియల్‌లో లేని తల్లి. మేరీ జేన్ రాత్‌బన్. హోటళ్ళలో వడ్డన పనిచేసి బతికిన ఒంటరి తల్లి. ఒక్కగానొక్క కూతురు కారు ప్రమాదంలో పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గంజాయి కలిపిన బ్రౌనీలు చేసి అమ్మేది. 1981లో పోలీసులు పట్టుకున్నారు. వందల గంటల సమాజసేవ శిక్షగా పడింది. ఆ సేవలో ఆమెకి ఎయిడ్స్ రోగులు ఎదురయ్యారు. కన్నవాళ్ళే వెలేసిన కుర్రాళ్ళు. అన్నం సయించక, వాంతులతో ఎముకల గూళ్ళయిన కుర్రాళ్ళు. బ్రౌనీ తింటే వాళ్ళకి ఆకలి పుడుతోందని చూసింది. ఆ తర్వాత వాళ్ళ కోసం ఊరికే చేసి పంచింది. 1982లో, 1992లో మళ్ళీ అరెస్టయింది. వాళ్ళంతా నా పిల్లలనేది. 1996లో కాలిఫోర్నియా ప్రజలు వైద్యానికి గంజాయి వాడకాన్ని అనుమతిస్తూ ఓటేయడం వెనక ఆమె వంటిల్లు ఉంది. 1999లో పోయింది. ఒకే వంటిల్లు, ఒకే నేరం. నాన్సీ తన ఇల్లు నిలబెట్టుకోవడానికి అమ్మింది, మేరీ ఇల్లు లేని పిల్లలకి పెట్టింది.

ఇప్పుడు హీలియా దగ్గరికొద్దాం. సరుకు ఆమెది, తెలివి ఆమెది. ఆమె మేనల్లుడు కాన్రాడ్ పెంచిన మొక్కే నాన్సీకి పేరు తెచ్చిపెడుతుంది. హీలియా నాన్సీని చూసి నవ్వుతుంది, ఆటపట్టిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, పట్టుబడితే నీకో లెక్క, నాకో లెక్క అన్న సంగతి ఆమెకి తెలుసు. ఆ తెలివే ఆ పాత్రకి ప్రాణం. కానీ మూడో సీజన్ చివర అగ్రెస్టిక్ తగలబడిపోయాక, నాన్సీ పిల్లల్ని తీసుకుని సరిహద్దు పట్టణానికి వెళ్ళిపోతుంది. హీలియా కుటుంబం ప్రధాన కథలోంచి తప్పుకుంటుంది. వనం తగలబడింది, తులసి మాత్రం ఇంకో కుండీలోకి మారింది.

జైలు నాన్సీకీ వచ్చింది, ఆరో సీజన్ చివర. ఏడో సీజన్ మొదలయ్యేసరికి మూడేళ్ళు గడిచి, ఆమె బయట ఉంది. దీన్ని ఒక నిజమైన కథ పక్కన పెట్టి చూడండి. కెంబా స్మిత్ వర్జీనియాలో కాలేజీ చదువుకుంటున్న నల్లజాతి అమ్మాయి. కొట్టి, బెదిరించి దగ్గరుంచుకున్న ప్రియుడు క్రాక్ వ్యాపారం చేశాడు. ఆమె స్వయంగా అమ్మలేదు. ఆమెకి 24 సంవత్సరాల 6 నెలల శిక్ష పడింది. కొడుకుని కస్టడీలో ఉండగానే కన్నది. 2000 డిసెంబరులో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష పెట్టేదాకా లోపలే ఉంది. 1980లో అమెరికా జైళ్ళలో స్త్రీలు 13 వేల చిల్లర. 2010 నాటికి లక్ష దాటారు. గంజాయి లెక్కే చెప్పాలంటే, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ దాదాపు ఒకే స్థాయిలో వాడినా, దగ్గరుంచుకున్నందుకు అరెస్టయ్యే అవకాశం నల్లవాళ్ళకి 3.73 రెట్లు ఎక్కువని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013లో తేల్చింది. ఈ లెక్కల పక్కన నాన్సీ చేతిలో ఎప్పుడూ ఉండే ఐస్ కాఫీ గ్లాసు చూస్తే, అది నాకు ఒక రక్షరేకులా కనిపించింది.

చివరి ఎపిసోడ్ 2012 సెప్టెంబరు 16న వచ్చింది. కథ కొన్నేళ్ళు ముందుకి జరుగుతుంది. గంజాయి చట్టబద్ధమైంది, నాన్సీకి వరసగా దుకాణాలున్నాయి, పెద్ద కంపెనీ వాటిని కొంటానంటుంది. రెండు నెలలు తిరక్కుండానే, నవంబరు 6న, కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు నిజంగానే ఓటేసి గంజాయిని చట్టబద్ధం చేశాయి. 2016లో కాలిఫోర్నియా కూడా చేసింది. పాత కేసుల శిక్షలు తగ్గించుకోవడానికి, రికార్డులు మార్పించుకోవడానికి ఆ చట్టం దారి ఇచ్చింది. అది మంచిదే. కానీ నేరమైన రోజుల్లో జైలుకెళ్ళినవాళ్ళు ఒకరు, వ్యాపారమైన రోజుల్లో పెట్టుబడి పెట్టగలిగినవాళ్ళు ఇంకొకరు. కోహన్ తర్వాత 2013లో మొదలుపెట్టిన 'ఆరెంజ్ ఈజ్ ది న్యూ బ్లాక్'లో కెమెరా ఆడవాళ్ళ జైలు లోపలికి వెళ్ళింది. హీలియాలకి చేసిన బాకీ అక్కడ కొంత తీర్చుకుందనిపిస్తుంది. అక్కడా తలుపు తెరవడానికి ఒక తెల్ల అమ్మాయి కావలసి వచ్చిందనుకోండి.

ఇంతదాకా రాసి అమ్మకి ఫోన్ చేశాను. "నీకు సరుకు ఎవరిచ్చారమ్మా?" అని అడిగాను.

"మంగళగిరి మామ్మ. నువ్వు చూశావుగా, చిన్నప్పుడు మూటతో వచ్చేది."

గుర్తుంది. నీలం గళ్ళ చీర, ముందుగది గుమ్మం దగ్గర కూర్చోవడం. అమ్మిన చీరకే డబ్బు, అమ్మనిది వెనక్కి. అమ్మకి వాయిదాలు ఆలస్యమైతే ఆవిడకీ ఆలస్యమే. అంటే మా ఇంట్లో నెల గడవడానికి మంగళగిరిలో ఇంకో ఇంట్లో ఆగిన నెలలున్నాయి. మా అమ్మ ఒంటిచేత్తో మమ్మల్ని పెంచిందని నేను ఎన్ని సభల్లో చెప్పానో. ఇప్పుడు చెప్పే ముందు కొంచెం ఆగుతాను.

"ఆవిడ ఎప్పుడూ గట్టిగా అడగలేదా?"

"మీ ముందు అడిగేది కాదు" అంది అమ్మ. "పిల్లలు బడికెళ్ళాక వస్తానమ్మా అనేది."

ఆవిడ పేరేమిటని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, పాత వాయిదాల పుస్తకం చూసి చెబుతానంది. ఆ పుస్తకంలో కొన్నవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయిట. ఆవిడ పేరున్నచోట 'మంగళగిరి' అని ఊరు పేరే రాసుంది.