పుట్టి: కొలత తూకమైన క్రమం - మైపాడు ప్రాంతం నేపథ్యంగా

నెల్లూరుకు తూర్పున, పెన్నా నదికి దక్షిణాన ఉన్న తీరగ్రామం మైపాడు. ఒకవైపు సముద్రం, మరొకవైపు డెల్టా వరిపొలాలు. ఈ ప్రాంతంలో ధాన్యం బేరం నేటికీ పుట్టి లెక్కనే సాగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. అయితే పుట్టి మొదట తూకం కాదు. పాత్రతో కొలిచే కొలత.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కుంచానికీ తూముకూ మధ్య లెక్క సీమను బట్టి మారినా, ఇరవై తూములు పుట్టి అన్నది స్థిరం. తూకానిది వేరే వరుస: మూడు తులాలు పలం, నలభై పలాలు వీశ (సుమారు 1.4 కిలోలు), ఎనిమిది వీశలు మణుగు. ధాన్యం, బియ్యం కొలిచేవారు. చింతపండు, బెల్లం తూచేవారు. శేరు అన్న మాట మాత్రం రెండు వరుసల్లోనూ కనిపిస్తుంది. పాత లెక్కలు చదివే పరిశోధకులు తరచుగా తడబడేది ఇక్కడే.

కొలతను తూకంలోకి మార్చడానికి ఒకే గుణకం లేదు. లీటరు పాత్రలో బియ్యం సుమారు 800 గ్రాములు పడితే, వడ్లు 600 గ్రాములకు మించవు. మెత్తని ఉప్పు 1200 గ్రాముల దాకా తూగుతుంది. రాళ్ల ఉప్పు గింజల మధ్య ఖాళీ ఎక్కువ కనుక అంత తూగదు. చేపల పులుసులో రాళ్ల ఉప్పుకు బదులు మెత్తని ఉప్పు అదే గరిటెతో వేస్తే ఉప్పన కావడానికి కారణమిదే.

1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టం, 1962 ఏప్రిల్ 1 నాటికి తప్పనిసరి అయిన మెట్రిక్ విధానం అంగడిని మార్చాయి. వంటింటిని అంతగా మార్చలేదు. బియ్యం కిలోల్లో కొన్నా, ఎసరు పెట్టేది కొలతతోనే. నీటికీ బియ్యానికీ ఒకే పాత్ర వాడినంతకాలం తూకంతో పని లేదు. భాష కూడా ఇదే చెబుతుంది. సోలెడు, మానెడు, కుంచెడు, పుట్టెడు అన్న వరుసలోకి గ్లాసెడు, కప్పుడు సులువుగా చేరాయి. కిలో చేరలేదు, చివరకు లీటరు కూడా చేరలేదు. వీశెడు వంటి కొన్ని మాటలున్నా, ‘ఎడు’ ప్రత్యయం ప్రధానంగా కంటికి కనిపించే పాత్రనో, చేరెడు పిడికెడులలో వలె దేహాన్నో ఆశ్రయించింది.

పుట్టి మాత్రం పేరు నిలుపుకొని స్వభావం మార్చుకుంది. 850 కిలోలను ఇరవైతో భాగిస్తే తూముకు 42.5 కిలోలు. ఈ మార్పుతో వివాదస్థానం కూడా మారింది. కుంచంతో కొలిచిన రోజుల్లో తగవంతా అంచు దగ్గరే: చేత్తో చదును చేయాలా, గోపురంగా పోయాలా? కూలి గింజలు తీసుకునేవారికి అది పూటగడిచే ప్రశ్న. తూకంలో ఆ గోపురానికి చోటు లేదు, దాని స్థానంలోకి తేమ వచ్చింది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి అనుమతించే తేమ 17 శాతం. ఆ లెక్కన 850 కిలోల పుట్టిలో తేమ పోగా మిగిలేది 705.5 కిలోలు, తేమ 20 శాతమైతే 680. ఆ లోటు పూడ్చడానికి పుట్టికి సుమారు 32 కిలోలు అదనంగా చాలు. తేమ పేరుతో అంతకు మించి తీసుకుంటున్నారన్న రైతుల ఫిర్యాదును ఈ అంకె దగ్గర పెట్టి పరిశీలించాలి.