ఆటో శంకర్ కేసు: హంతకుడి పేరు మిగిలింది, బాధిత కుటుంబాల సంగతేమిటి?

మద్రాసులో తరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళను ఆటో శంకర్ ఎవరని అడిగితే వెంటనే చెబుతారు. అతని చేతిలో చనిపోయినవాళ్ళు ఎవరంటే చెప్పలేరు. వరుస హత్యల కేసుల్లో తరచూ జరిగేది ఇదే. అందుకే ఈ కేసు వివరాలతో పాటు, ఇలాంటి కుటుంబాలకు నేడు చట్టంలో ఉన్న హక్కులను కూడా ఇక్కడ ఇస్తున్నాం. హతుల పేర్లు కావాలనే రాయడం లేదు.

కేసు వివరాలు

ఆటో శంకర్ అసలు పేరు గౌరీశంకర్. ఆటో నడుపుతూ నాటుసారా రవాణాలోకి, ఆపైన తిరువాన్మియూరు ప్రాంతంలో వ్యభిచార వ్యాపారంలోకి దిగాడు. 1980ల చివర్లో అతని ముఠా ఆరుగురిని చంపింది. శవాలను కొన్నిటిని ఇళ్ళలోనే పూడ్చిపెట్టారు, కొన్నిటిని కాల్చేశారు. 1990లో మద్రాసు సెంట్రల్ జైలు నుంచి తప్పించుకున్న శంకర్ ఒడిశాలోని రూర్కెలాలో దొరికాడు. చెంగల్పట్టు సెషన్స్ కోర్టు 1991లో మరణశిక్ష వేసింది. 1995 ఏప్రిల్ 27న సేలం జైలులో ఉరి తీశారు.

శవం దొరకని ఇంటి బాధ

మనిషి కనిపించకుండా పోయి, శవం కూడా దొరకకపోతే ఆ ఇంటి కష్టం రెండింతలు. మరణ ధ్రువపత్రం ఉండదు. అది లేనిదే వారసు సర్టిఫికెట్ రాదు, బ్యాంకు డబ్బు, ఇన్సూరెన్సు చేతికందవు. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు భావించాలని సాక్ష్య చట్టం చెబుతుంది. ఈలోగా కర్మ చేయాలా వద్దా, తద్దినం ఏ తిథికి పెట్టాలి అన్నది కూడా తేలదు.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథను తమిళ వారపత్రిక నక్కీరన్ ప్రచురించబోగా, అందులో పైఅధికారుల ప్రస్తావన ఉందని జైళ్ళ శాఖ అడ్డుపడింది. 1994 అక్టోబర్ 7న మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తీర్పు రాశారు. ప్రచురణను ప్రభుత్వం ముందే ఆపలేదని, వ్యక్తిగత గోప్యత 21వ అధికరణలో భాగమని ఆ తీర్పు చెప్పింది. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన పుట్టస్వామి కేసులోనూ దీన్ని ప్రస్తావించారు.

అయితే కోర్టు రికార్డుల్లో ఉన్న విషయాలను ఎవరైనా రాయవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. అత్యాచారం, అపహరణ వంటి నేరాలకు గురైన స్త్రీల పేర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. మిగతా హతుల కుటుంబాలకు ఆ రక్షణ లేదు. 2019లో ఈ కేసు వెబ్ సిరీస్‌గా కూడా వచ్చింది. చూసేవాళ్ళకు అది కథ, ఆ ఇళ్ళవాళ్ళకు మానిన గాయాన్ని మళ్ళీ రేపడం.

వాషింగ్టన్ ఉదాహరణ

2002 అక్టోబర్‌లో వాషింగ్టన్ చుట్టుపక్కల ఇద్దరు దుండగులు దూరం నుంచి తుపాకీతో గురిపెట్టి పదిమందిని చంపారు. వారిలో మనదేశం నుంచి వెళ్ళిన ఒక టాక్సీ డ్రైవర్ కూడా ఉన్నారు. బాధితుల తరఫువాళ్ళు హంతకులకు శిక్ష పడితే చాలనుకోలేదు. ఆ తుపాకీ బయటికి పోయిన దుకాణంపైన, తయారీ కంపెనీపైన దావా వేసి, 2004లో సుమారు 25 లక్షల డాలర్ల పరిహారం రాబట్టారు.

ఇప్పుడు మనకున్న హక్కులు

శంకర్ కేసు నాటికి ఇలాంటి కుటుంబాల కోసం ప్రత్యేక పరిహార పథకం లేదు. 2009 నుంచి చట్టంలో చోటు దొరికింది:

• పరిహారానికి జిల్లా న్యాయసేవల అధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. నేరస్తుడు దొరకకపోయినా హక్కు ఉంటుంది. విచారణ రెండు నెలల్లో ముగించాలి.

• నిందితుణ్ణి విడుదల చేసినా, తక్కువ నేరంగా తేల్చినా బాధితులే అప్పీలుకు వెళ్ళవచ్చు. చనిపోయినవారి వారసులకూ ఈ హక్కు ఉంది.

• 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు 90 రోజుల్లోగా తెలపాలి.

• ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

• ఉచిత న్యాయ సలహాకు 15100కు ఫోన్ చేయవచ్చు.

మన వీధిలో ఎవరైనా కనిపించకుండా పోతే ‘వాళ్ళే వస్తారులే’ అని ఊరుకోకండి. ఆ రోజే ఫిర్యాదు ఇప్పించి, రసీదు తీసుకుని, ఆ ఇంటివాళ్ళకు తోడుగా నిలబడదాం.